అందమైన పని – దేవుని వరము



నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపింది ప్రసంగించడానికి కాదు. బంగారు, వెండి, ఇత్తడి పనులకు, రాళ్ల పొదుగుకు, కర్ర నగిషీకి. చేతిపని కూడా దేవుని వరమే.

మన నరసాపురం ప్రాంతపు స్త్రీలను చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి సీమలో నేర్పిన లేసు అల్లిక వారి చేతుల్లో పువ్వులై విరిసింది. ఇంటిపని ముగించుకొని, సన్నని దారంతో, చిన్న సూదితో గంటల తరబడి అల్లుతారు. ఆ పనిని నోరారా మెచ్చుకొని, కొనేటప్పుడు గీచి గీచి బేరమాడితే మన మెప్పు వట్టిదే.

అందాన్ని గుర్తించే కన్ను మన పనిని కూడా మార్చుతుంది. చాలు తిన్నగా దున్నినా, గడ్డివామి పొందికగా వేసినా, చిరుగు శ్రద్ధగా కుట్టినా అది ప్రభువుకు అర్పణే.

మందిరంలో బల్లమీద లేసు గుడ్డ కనబడితే, అల్లిన చేతుల కొరకు ప్రార్థించండి. కొన్నప్పుడు న్యాయమైన వెల ఇవ్వండి.