చదువు నేర్పుట యెవరి పని?

చదివి గ్రహించుట నేర్పు భారము భాషోపాధ్యాయునిదే యని పలువురు తలంతురు. అది పొరపాటు. "20 నుండి 5 తీసివేయగా మిగులున దెంత?", "20 నుండి 5ను ఎన్నిమారులు తీసివేయవచ్చును?" అను ప్రశ్నలలో అంకెలు అవియే, ఉత్తరములు మాత్రము 15, 4. లెక్క వచ్చియు వాక్యము తెలియక తప్పిన బాలుడు మందమతి యనిపించుకొనుచున్నాడు.

భౌతికశాస్త్రమున "పని" యను మాటకు అర్థమే వేరు. మూటను తలపై నిడుకొని కదలక నిలిచినవాడు ఎంత యలసినను, ఆ మూటపై పని చేయనట్లే. చరిత్రమును కారణము లరయుచు, భూగోళమును పటము చూచుచు చదువవలెను.

1975లో ఇంగ్లండునందు వెలువడిన బుల్లక్ సంఘ నివేదికయు ఈ బాధ్యత ఎల్ల ఉపాధ్యాయులదని చెప్పెను. కావున ప్రతి ఉపాధ్యాయుడును పాఠారంభమున రెండు వాక్యములు చదివించి, వాని భావమును విద్యార్థిచేతనే స్వంత మాటలలో చెప్పించవలెను. అంతమాత్రముననే పలువురు బాలురకు మందమతి యను పేరు తప్పును.