సేవ నిజమే, చెప్పే లెక్క నిజమేనా?

అపోహ: ఆశయం మంచిదైతే చేసిన పనిని కాస్త పెంచి చెప్పుకున్నా తప్పులేదు.

వాస్తవం: తప్పే. దాని భారం చివరికి సాయం అందాల్సిన వాళ్ల మీదే పడుతుంది. 2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసినప్పుడు అమెరికన్ రెడ్‌క్రాస్‌కు దాదాపు 50 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. 1,30,000 మందికి పైగా ఇళ్లు సమకూర్చామని ఆ సంస్థ చెప్పుకుంది. అమెరికా వార్తాసంస్థలు ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ విలేకరులు ఆరా తీసి 2015 జూన్‌లో రాసిన కథనం ప్రకారం ఆ దేశం మొత్తమ్మీద సంస్థ కట్టించిన శాశ్వత గృహాలు ఆరు. మరి ఆ లక్షా ముప్పై వేల మంది ఎవరు? ఇంటిని ఎలా బాగుచేసుకోవాలో నేర్పే తరగతికి వచ్చినవాళ్లు, కొంతకాలం అద్దె సాయం పొందినవాళ్లు, కొన్నేళ్లకే పాడైపోయే తాత్కాలిక షెల్టర్లలో తలదాచుకున్నవాళ్లు కూడా ఆ అంకెలో ఉన్నారు. స్థలాల హక్కులు తేలక ఇళ్లు కట్టడం కష్టమైందంటూ సంస్థ తన పనిని సమర్థించుకుంది. హైతీలో స్థలాల హక్కుల చిక్కు నిజంగానే ఉంది. ఆ చిక్కు సంగతే దాతలకు ముందుగా చెప్పాల్సింది. అద్దె కట్టి ఆదుకున్నామని చెప్పుకోవడం చిన్నతనమేమీ కాదు. దాన్ని ఇంటి లెక్కలో వేయడమే మోసం.

అపోహ: పిల్లల ఫొటోలు చూస్తేనే జనం విరాళాలిస్తారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నష్టం ఆ పిల్లలకే. మన ఊళ్లలో జరిగే పంపిణీ కార్యక్రమం చూడండి. వెనక ఫ్లెక్సీ, దాని నిండా పెద్దల ముఖాలు. ముందు ఓ ఏడో తరగతి అమ్మాయి. నోటుపుస్తకాల కట్ట ఒక్కటే, దాని మీద అయిదారుగురి చేతులు. ఫొటో తీయడం అయ్యేదాకా ఆ కట్ట ఆమె చేతికి రాదు. "ఇటు చూడమ్మా, నవ్వు" అంటారు. సాయంత్రానికి ఆ ఫొటో ఊరందరి వాట్సాప్‌లో ఉంటుంది. పక్క బెంచీ పిల్లలూ చూస్తారు. ఫొటో వేసుకోవచ్చా అని ఆమెను గానీ వాళ్లమ్మను గానీ అడిగినవాళ్లు లేరు. అడిగినా, పుస్తకాలు చేతికందకముందు 'వద్దు' అనే ధైర్యం ఆ తల్లికి ఎక్కడిది?

అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల విషయంలో ఇది మర్యాదతో ఆగే సంగతి కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో లాంటి గుర్తుపట్టే వివరాలను మీడియాలో బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా అధికారులు భోజన పంపిణీ వేళ ఫొటోలు, సెల్ఫీలు నిషేధించారు. ఆకలితో ఉన్న మనిషిని కెమెరా ముందు నిలబెట్టకుండా అన్నం పెట్టొచ్చు.

అపోహ: "మీ రూపాయి మొత్తం పేదలకే" అనే సంస్థే నిజాయితీ గలది.

వాస్తవం: బియ్యం మోసే వ్యాన్‌కు డీజిల్ కావాలి, ఊరూరా తిరిగే కార్యకర్తకు జీతం కావాలి, లెక్కలు రాయడానికి మనిషి కావాలి. ఆ ఖర్చు లేదంటే వేరే పద్దులో చూపించారనో, మరో దాత భరిస్తున్నారనో, పనిచేసేవాళ్లకు సరైన జీతం అందడం లేదనో అర్థం. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని 2020 నాటి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ చెబుతోంది. అంటే చట్టమే ఆ ఖర్చు ఉంటుందని ఒప్పుకుంది. హైతీ విరాళాల్లో డాలరుకు 91 సెంట్లు సేవకే వెళ్లాయని రెడ్‌క్రాస్ చెప్పింది. అయితే అందులో చాలా డబ్బు వేరే సంస్థల చేతుల మీదుగా ఖర్చయింది, అవీ తమ నిర్వహణ ఖర్చు మినహాయించుకున్నాయి.

అపోహ: 80జి గుర్తింపు ఉంది, దర్పణ్ నంబరుంది కాబట్టి ప్రభుత్వమే హామీ ఇచ్చినట్టు.

వాస్తవం: 80జి వల్ల దాతకు పన్ను మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలోనే. దర్పణ్ నంబరు నీతి ఆయోగ్ పోర్టల్‌లో నమోదైనందుకు గుర్తు. సంస్థ చెప్పేదంతా నిజమని ఆ రెండూ చెప్పవు.

ఈసారి విరాళం ఇచ్చేముందు పోయినేడాది ఆడిట్ నివేదిక అడగండి. అనుకుని చేయలేకపోయిన పని ఒక్కటైనా వార్షిక నివేదికలో రాశారేమో చూడండి. అలా రాసిన సంస్థ దొరికితే దానికే ఇవ్వండి, ఏటా ఇవ్వండి.