జెండాల డబ్బా మన గుమ్మంలోకి వస్తే...

డిసెంబరు మొదటి వారంలో ఖాకీ బట్టలేసుకున్న పిల్లలు రేకు డబ్బా పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. పొయ్యి మీద పప్పు పొంగుతూ ఉంటుంది, "చిల్లర లేదమ్మా, తర్వాత రండి" అనేస్తాం కదూ! నేనూ అన్నదాన్నే. పోయినేడు ఆ డబ్బా పట్టుకుని తిరిగింది మా అమ్మాయే కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

మాది ఎలమంచిలి. పిల్లది తొమ్మిదో తరగతిలో ఎన్.సి.సి.లో చేరింది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవమట. బళ్ళో జెండాలూ, సీలు వేసిన డబ్బా ఇచ్చి పంపారు. ఆడపిల్ల బజారంతా తిరగడమేమిటని నాకు కోపమే వచ్చింది. నలుగురం కలిసి, టీచరుతో వెళ్తామంటే ఊరుకున్నాను. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఒక కొట్టాయన "ముష్టి డబ్బా వచ్చిందిరా" అన్నాడట. ఇంకొకాయన "ఈ డబ్బు ఎవరికి పోతుంది?" అనడిగితే నలుగురూ నీళ్ళు నమిలారట.

"నీకు తెలుసా అమ్మా?" అంది. నాకూ తెలీదు! చిన్నప్పుడు పది పైసలిచ్చి, జెండాని గుండుసూదితో జాకెట్టుకి గుచ్చుకుని మురిసిపోయామే గాని, ఎందుకని అడిగిందెప్పుడు?

మా వెనక వీధిలో మిలటరీ నుంచి వచ్చేసిన హవల్దారు గారున్నారు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మర్నాడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళాం.

ఆయన జెండాని అరచేతిలో పెట్టుకుని చెప్పుకొచ్చారు. ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వైమానిక దళానికి గుర్తు. 1949 నుంచి ఏటా ఈ రోజున జెండాలిచ్చి విరాళాలు తీసుకుంటున్నారు. వేరు వేరుగా ఉన్న నిధుల్ని 1993లో కలిపి ఒకే పతాక దినోత్సవ నిధి చేశారు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి మళ్ళీ బతుకు నిలబెట్టడం, సైనికుల కుటుంబాల బాగోగులు, మాజీ సైనికులకి ఆసరా... ఇవీ ఆ డబ్బుతో చేసే పనులు.

"పోయినవాళ్ళకి దండలేస్తాం. బతికొచ్చినవాళ్ళ మాట?" అన్నారాయన. 1999 కార్గిల్ యుద్ధంలో మనవాళ్ళు 527 మంది ప్రాణాలు విడిస్తే, గాయపడినవాళ్ళు 1300 మందికి పైమాటే. పుణేలో 1944 నుంచి సైన్యం వారి కృత్రిమ అవయవ కేంద్రం ఉంది. ఆ పక్కనే కిర్కీలో, వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడినవాళ్ళ కోసం 1974లో ఇంకో కేంద్రం పెట్టారు. చేతులు కూడా ఆడనివాళ్ళు అక్కడ కుంచె నోట పట్టి బొమ్మలు వేస్తారట. మురళీకాంత్ పేట్కర్ సంగతీ ఆయనే చెప్పారు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద స్పర్శ పోయినాయన 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు! మన దేశానికి పారాలింపిక్స్‌లో అదే మొదటి బంగారం. పద్మశ్రీ మాత్రం 2018 దాకా రాలేదు.

పిల్లలు కళ్ళప్పగించి విన్నారు. నాకు మాత్రం ఆయన భార్య చెప్పిన మాటలే ఇంకా చెవిలో ఉన్నాయి. వంటింట్లో కాఫీ కలుపుతూ, "కాలు పోయిందని ఏడవలేదు వదినా, మనిషి ఇంటికొచ్చాడు, అంతే చాలనుకున్నాను. ఊళ్ళో 'కుంటాయన పెళ్ళాం' అన్నప్పుడు ఏడ్చాను" అంది. కృత్రిమ కాలు ఒకసారి పెట్టేస్తే జన్మంతా ఉండేది కాదట. అరిగిపోతే మార్చాలి, వేసవిలో చెమటకి ఒరుసుకుని పుండవుతుంది. రోజూ రాత్రి కడిగి, తుడిచి, పౌడరు రాసేది ఆవిడే. ఇన్నేళ్ళూ వీధిలో కలుసుకుని కూరల ధరలు మాట్లాడుకున్నామే తప్ప ఈ సంగతి ఒక్కనాడూ అడగలేదు నేను.

బయల్దేరుతుంటే పోపుల డబ్బా అడుగు నుంచి యాభై నోటు తీసి డబ్బాలో వెయ్యబోయింది. మా అమ్మాయి "మీ దగ్గర తీసుకోం అత్తా" అని డబ్బా వెనక్కి లాక్కుంది. "మాకు ఇచ్చినవాళ్ళున్నారే! మా తర్వాత దెబ్బ తిన్నవాళ్ళకి ఎవరిస్తారు?" అని ఆవిడే డబ్బా అందుకుని వేసింది.

ఆ వారమంతా పిల్లలు జెండా గుచ్చే ముందు ఈ కబుర్లన్నీ చెప్పారు. ముష్టి డబ్బా అన్న కొట్టాయన ముందుకీ వెళ్ళారట. ఆయన వంద వేసి, ఇంకో జెండా అడిగి స్కూటరుకి పెట్టుకున్నాడట. అందరూ అలా వేశారని చెప్పను. తలుపేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

డిసెంబరు 4న నేవీ డే. విశాఖ బీచిలో విన్యాసాలు జరిగిన ఏళ్ళలో పులిహోర పొట్లాలు కట్టుకుని బస్సెక్కి మరీ వెళ్ళాం. మూడు రోజుల తర్వాత వచ్చే ఈ 7వ తేదీ మనకి గుర్తే ఉండదు!

మీ ఇంటికీ పిల్లలొస్తే డబ్బాకి సీలుందా, బడి పేరు చెప్తున్నారా చూడండి, తప్పులేదు. ఎండన పడి వస్తారు, మంచినీళ్ళివ్వండి. పిల్లలు రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వొచ్చు. కేంద్రీయ సైనిక్ బోర్డుకి ఫోను ద్వారా పంపే వీలూ ఇప్పుడుంది.

మా పిల్లది ఇప్పుడు పదో తరగతి. చదువు పాడవుతుందని వాళ్ళ నాన్న గొణిగినా, డబ్బా ఈసారీ తనే పడతానంది. నేను ఆరో తేదీ రాత్రే చిల్లర తీసి గుమ్మం దగ్గర గూట్లో పెడతాను.