ఆర్ట్స్ కాలేజీ: రాయి మాట విన్న కట్టడం

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గురించి ఎవరినడిగినా దాదాపు ఒకే సమాధానం వస్తుంది. స్తంభాలు హిందూ పద్ధతి, కమానులు ముస్లిం పద్ధతి, రెండూ కలిపితే ఈ కట్టడం అంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అక్కడితో ఆగిపోతే చూడాల్సింది సగం మిగిలిపోతుంది. స్తంభమూ కమానూ మతాలకు గుర్తులు కాకముందు తాపీపనివాళ్లకు ఎదురైన ఒక పాత చిక్కుకు రెండు జవాబులు.

ఆ చిక్కు ఏమిటంటే, గోడలో ఖాళీ వదిలి దానిపైన బరువు నిలపడం. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడుకు మాత్రం తట్టుకోలేదు. రెండు స్తంభాల మీద రాతిదూలం పెట్టి పైన బరువు వేస్తే, దూలం అడుగుభాగం సాగినట్టవుతుంది. పగులు అక్కడే పుడుతుంది. అందుకే మన గుడి మండపాల్లో స్తంభాలు అంత దగ్గరదగ్గరగా ఉంటాయి. స్తంభం తలమీద అటూ ఇటూ ముందుకు పొడుచుకొచ్చిన రాళ్లు పెట్టేదీ ఇందుకే. వాటివల్ల దూలం దాటాల్సిన దూరం తగ్గుతుంది. కమానుది వేరే దారి. చిన్నచిన్న రాళ్లను వంపుగా పేర్చితే ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుందే తప్ప ఏదీ సాగదు. బరువు పక్కలకు జారి నేలకు దిగుతుంది. కొనదేలిన కమాను అయితే పక్కలకు నెట్టే బలం కూడా కొంత తగ్గుతుంది. విశాలమైన ద్వారం కావాలంటే ఇదే సులువు.

ఇక రాయి సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, మహా గట్టిది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వల్ల లేత గులాబీ రంగు వస్తుంది. నున్నగా చెక్కితే వందల ఏళ్లు చెక్కుచెదరదు కానీ, సన్నని లతలూ పువ్వులూ చెక్కడం చాలా కష్టం. 1591లో చార్మినార్ కట్టినవాళ్లు దీనికి ఒక ఉపాయం వాడారు. లోపల రాయి, పైన సున్నపు గచ్చు. అక్కడ కనిపించే నగిషీ అంతా గచ్చులో తీర్చిందే. ఆర్ట్స్ కాలేజీలో గచ్చు పూత లేదు. రాయిని రాయిగానే వదిలేశారు. అందుకే నగిషీ కన్నా పెద్దపెద్ద చదునైన తలాలూ, లోతైన నీడలూ మనకు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ భవనం అందం అక్కడే ఉందని నా అభిప్రాయం.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట్లో గన్‌ఫౌండ్రీలోని భవనాల్లో నడిచింది. శాశ్వత ఆవరణకు అడిక్‌మెట్ స్థలాన్ని సూచించింది పట్టణ ప్రణాళికల్లో పేరుపడ్డ పాట్రిక్ గెడ్డిస్. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని విదేశాలకు పంపింది. కైరోలో వాళ్లకు ఎర్నెస్ట్ జాస్పర్ తారసపడ్డాడు. ఈ బెల్జియం వాస్తుశిల్పి అప్పటికే అక్కడ హీలియోపోలిస్ ప్యాలెస్ హోటల్ కట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ హోటల్ భవనం తర్వాత ఈజిప్టు అధ్యక్షుడి భవనంగా మారింది. నమూనా జాస్పర్‌ది, దాన్ని దగ్గరుండి కట్టించే భారం జైన్ యార్ జంగ్‌ది. 1934లో పునాదిరాయి పడింది. 1939 డిసెంబరులో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. పేరు జాస్పర్‌కు దక్కినంతగా జైన్ యార్ జంగ్‌కు దక్కలేదు.

1934 నాటికి సిమెంటూ ఇనుమూ వచ్చేశాయి. దూలం విరుగుతుందన్న భయంతో స్తంభాలను దగ్గరగా నిలపాల్సిన అవసరం లేదు. అయినా ఎల్లోరా, అజంతా గుహల స్తంభాలను తలపించేవీ, సుల్తానుల కాలపు కమానులూ రెండూ తెచ్చుకున్నారంటే అది కావాలని చేసుకున్న ఎంపిక. రెంటినీ ఒకదానిపక్కన ఒకటి అతికించకుండా ఒకే రంగు రాయిలో, ఒకే చదును పద్ధతిలో చెక్కించారు. అతుకు కనపడకపోవడానికి కారణం అదే. నడిమధ్యన ఎత్తైన కొనదేలిన ద్వారం, రెండు పక్కలా సమానంగా సాగిన రెక్కలు. మరో తేడా ఆకాశం వైపు చూస్తే తెలుస్తుంది. వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ కట్టిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలతో పోటీపడతాయి. ఇక్కడ బయటికి గుమ్మటమే కనపడదు, పైఅంచు గీత గీసినట్టు ఉంటుంది.

ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడం కోసం పుట్టిన సంస్థ ఇది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. వెడల్పైన మెట్లు, ముందు విశాలమైన ఖాళీ జాగా మాత్రం అలాగే ఉన్నాయి. పాలకుడి దర్జాను చాటడానికి ఏర్పాటు చేసిన ఆ అమరిక సభలకు ఎంత అనువైందో 1969లోనూ, మళ్లీ 2009లోనూ తెలంగాణ కోసం అక్కడ గుమిగూడిన విద్యార్థులు చూపించారు. భవనమే వేదిక వెనక తెరగా నిలిచింది. ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది కాబట్టి, చూడటానికి వెళ్లేవాళ్లు రైల్లో వెళ్లవచ్చు. ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని వెళ్తే, స్తంభం తల దూలాన్ని కలిసేచోట రాయి ఎలా వెడల్పవుతుందో స్పష్టంగా కనిపిస్తుంది.