కరవు నేలలో నీలి పండు.. కొలువుంది, కష్టమూ ఉంది!

డిగ్రీ పట్టా చేతికొచ్చాక చిలమత్తూరు కుర్రాళ్లలో చాలామందికి మొదట కనిపించే దారి.. కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరు బస్సెక్కడం. వేరుసెనగను నమ్ముకుంటే ఏమవుతుందో చూసిన పెద్దలు సాగు మాటెత్తితేనే వద్దంటారు. కానీ పాలీహౌస్ పని తెలిసినవారికి అదే బెంగళూరు మార్కెట్ అవుతుంది. ఉదాహరణకు బ్లూబెర్రీనే తీసుకోండి.

ఎడారిలోనూ కాసింది

ఇది ఉత్తర అమెరికా పొద. పాత రకాలు కాయాలంటే శీతకాలంలో వందల గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి ఉండాలి. బిలాక్సీ వంటి తక్కువ చలి చాలిన రకాలొచ్చాక లెక్క మారింది. వాన ఎరగని పెరూ తీర ఎడారి డ్రిప్‌తోనే దీన్ని పండించి, ఎగుమతుల్లో ప్రపంచంలోనే ముందుకొచ్చింది.

చిక్కంతా నీటితోనే

దీని వేళ్లకు పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మన బోరు నీళ్లేమో చాలాచోట్ల క్షారం. అందుకే కొబ్బరిపొట్టు నింపిన బ్యాగుల్లో పెంచి, ఆమ్లంతో సరిచేసిన నీటిని అందిస్తారు. రోజూ మీటరుతో కొలవాల్సిందే. ఏమరుపాటుగా ఉంటే లేతాకులు పసుపెక్కుతాయి.

వాన నీరైతే మేలు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లనుకుంటే ఐదున్నర లక్షల లీటర్లు! ఇంకో సంగతి.. పురుగులను ఆపే వల తేనెటీగలనూ ఆపేస్తుంది. పూత సమయంలో వాటి పెట్టెలు లోపలే పెట్టాలి.

ఏం నేర్చుకోవాలి?

పది పాసైతే రెండేళ్ల ఉద్యాన డిప్లొమా, ఇంటర్ బైపీసీ అయితే నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ ఉన్నాయి. రెండూ డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోవే. వేరే డిగ్రీ చేశారా? భారత వ్యవసాయ నైపుణ్య మండలి గుర్తించిన ‘గ్రీన్‌హౌస్ ఆపరేటర్’ శిక్షణ గురించి వాకబు చేయండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. డ్రిప్, ఎరువుల మోతాదు, పీహెచ్ తెలిస్తే క్యాప్సికం, గులాబీ పాలీహౌస్‌లలోనూ పని దొరుకుతుంది.

తొందరొద్దు

పాలీహౌస్‌కు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద నిర్ణీత వ్యయంలో సగం దాకా రాయితీ ఉంది. మిగతా సగం మీ ఇంటి సొమ్మే. పైగా మొదటి ఏడాది చెప్పుకోదగ్గ కాపు రాదు. కాబట్టి ముందు ఓ ఏడాది ఎవరి పాలీహౌస్‌లోనైనా జీతానికి చేరండి. తర్వాత యాభై బ్యాగులతో మొదలుపెట్టి, ఆ పండ్లను మీరే అమ్మి చూడండి. నాన్న పొలం తాకట్టు పెట్టే ఆలోచన ఆ లెక్కలు చూశాకే!