చిన్న మాటే... అర్థం మార్చేస్తుంది!

ఫోన్లో ఉద్యోగం ఇంటర్వ్యూ జరుగుతోందనుకోండి. అవతలివాళ్లు మధ్యలో 'హ్యాంగ్ ఆన్ ప్లీజ్' అన్నారు. పెట్టేయమన్నారేమో అనుకుని మనవాడు ఠక్కున ఫోన్ పెట్టేశాడు. నిజానికి వాళ్లన్నది 'ఒక్క నిమిషం లైన్లో ఉండు' అని! పెట్టేయడమైతే 'హ్యాంగ్ అప్' అవుతుంది. 'ఆన్'కీ 'అప్'కీ ఉన్న తేడా ఎంత పని చేసిందో చూశారా!

డిగ్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్లనీ తికమకపెట్టే ఇలాంటి మాటల్నే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ముందు ఒక క్రియ, దాని వెనక అప్, ఆఫ్, ఆన్, అవుట్ లాంటి బుల్లి మాట. విడివిడిగా రెండూ తెలిసినవే. కలిస్తే మాత్రం చాలాసార్లు కొత్త అర్థమే. 'గివ్' అంటే ఇవ్వడం, 'అప్' అంటే పైకి. 'గివ్ అప్' అంటే మాత్రం మానేయడం!

ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. విదేశీయులకు వీటితో మహా కష్టమని 1755లోనే శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలో రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో రాసిన పుస్తకంతోనే.

మనకూ ఉన్నాయిగా!

డబ్బాలో పంచదార 'నిండుకుంది' అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు డబ్బా నిండా ఉందనుకోరూ! 'పర్సు కొట్టేశాడు' అంటే పర్సును బాదాడని కాదు. 'చెయ్యిచ్చాడు' అంటే సాయం చేశాడనీ కాదు. వీటినెవరూ మనకు జాబితా రాసిచ్చి నేర్పలేదు. ఇంట్లో రోజూ వాక్యాల్లో విన్నాం, వచ్చేశాయి. ఇంగ్లిష్‌కీ అదే దారి.

వంటింట్లో పంచదార నిండుకుంటే 'వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ షుగర్' అనండి. పాలు పొంగిపోతే 'ద మిల్క్ హాజ్ బాయిల్డ్ ఓవర్'. నాయనమ్మను అమ్మ చూసుకుంటుంటే 'మదర్ లుక్స్ ఆఫ్టర్ గ్రానీ'. నాన్న సిగరెట్లు మానేస్తే 'ఫాదర్ గేవ్ అప్ స్మోకింగ్'. ఇల్లే బడి!

ఇక్కడ జాగ్రత్త

* 'పుట్ ఆఫ్' అంటే వాయిదా. 'కాల్ ఆఫ్' అంటే రద్దు. మొదటిది విని ఇంటర్వ్యూకి వెళ్లడం మానేస్తే నష్టం మనకే.

* 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2005' అంటే మన దగ్గర చదువు పూర్తయిందని. అమెరికాలో అంటే స్పృహ తప్పి పడిపోయారా అని కంగారుపడతారు. అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అంటే సరి.

* 'కోప్ అప్ విత్' అని చాలామంది అంటారు. 'కోప్ విత్' చాలు, మధ్యలో 'అప్' అక్కర్లేదు.

* 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్', 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్'... రెండూ ఒప్పే. ఫ్యాన్ బదులు 'ఇట్' వస్తే మాత్రం 'టర్న్ ఇట్ ఆఫ్' అనే అనాలి. అన్నీ ఇలా విడిపోవు. 'లుక్ ఆఫ్టర్ హర్' అంటాం కానీ 'లుక్ హర్ ఆఫ్టర్' అనం.

రోజుకో మాట తీసుకుని, మీ ఇంటి సంగతితోనే ఓ వాక్యం రాయండి. రాత్రి భోజనాల దగ్గర పిల్లలూ పెద్దలూ ఒకరికొకరు చెప్పుకోండి. తప్పులొస్తే నవ్వుకోండి, సరిదిద్దుకోండి. మళ్లీ ఇంటర్వ్యూ వచ్చి అవతలివాళ్లు 'హ్యాంగ్ ఆన్' అంటే, ఈసారి మనవాడు లైన్లోనే ఉంటాడు!