గొంతులో ఆగిపోయిన ‘ఆమేన్’

తన ఇంటికి అతిథిగా వచ్చిన స్కాట్లాండ్ రాజు డంకన్‌ను నిద్రలోనే పొడిచి చంపాడు మాక్‌బెత్. అంతలో మరో గదిలో పడుకున్న ఇద్దరు ఉలిక్కిపడి లేచారు. ఒకడు దేవుని దీవెన కోరితే, రెండోవాడు ‘ఆమేన్’ అన్నాడు. మాక్‌బెత్ కూడా ఆమేన్ అనబోయాడు. నోరు పెగల్లేదు! ఆ క్షణంలో దీవెన అందరికన్నా తనకే ఎక్కువ అవసరం, అయినా ఆ చిన్న మాట ఎందుకు రాలేదో చెప్పమని భార్యను అడుగుతూనే ఉంటాడు. ఆమెకు అదంతా పిచ్చి ఆలోచన. చేతులకంటిన రక్తానికి కాసిన్ని నీళ్లు చాలంటుంది.

షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన ‘మాక్‌బెత్’ ఆయన విషాద నాటకాల్లోకెల్లా చిన్నది. కాలేజీలో దాన్ని మేము మార్కుల కోసం చదివాం. సేవలోకి వచ్చాక మళ్లీ చదివితే, పాపం మనిషిలో ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా చూపిన నాటకం మరొకటి లేదనిపించింది. (చరిత్రలోని మాక్‌బెత్ ఇంత దుర్మార్గుడు కాడు లెండి. 1040లో డంకన్ చనిపోయింది యుద్ధంలో. ఆ తర్వాత మాక్‌బెత్ పదిహేడేళ్లు ఏలాడు, 1050లో రోముకు యాత్ర కూడా చేశాడు.)

నాటకంలో ముగ్గురు మంత్రగత్తెలు అతడు రాజవుతాడని చెబుతారే తప్ప ఎవర్నీ చంపమని చెప్పరు. పక్కనే ఉన్న బాంకో కూడా తన సంతానం రాజులవుతారన్న మాట విన్నాడు. మాక్‌బెత్ ఆ కబురు భార్యకు ఉత్తరంలో రాశాడు. బాంకో మాత్రం హత్య జరిగిన ఆ రాత్రే, దురాలోచనలు తనను లోబరచుకోకుండా ఆపమని పరలోక శక్తులను వేడుకున్నాడు. దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు పత్రిక (1:15) చెప్పింది దీన్నే కదా! మొదటిసారి మంత్రగత్తెలే మాక్‌బెత్‌కు ఎదురయ్యారు. రెండోసారి సౌలు ఏన్దోరుకు వెళ్లినట్టు (1 సమూయేలు 28) అతడే వాళ్లను వెదుక్కుంటూ వెళ్లాడు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది అయిదో అంకం. కాసిన్ని నీళ్లు చాలన్న ఆ రాణే ఇప్పుడు నిద్రలో నడుస్తూ, లేని రక్తపు మరకను రుద్దుకుంటూ ఉంటుంది. చాటున నిలబడి చూసిన వైద్యుడికి విషయం అర్థమైంది. ఆమెకు కావలసింది వైద్యుడు కాదు, దైవసేవకుడని అతడే అంటాడు. దేవుని క్షమాపణ కోరతాడు. కానీ తన మనసులో ఉన్నది బయటికి చెప్పే ధైర్యం లేదని వెళ్లిపోతాడు. తర్వాత మాక్‌బెత్ తన భార్యను బాగుచేయమని అడిగితే, అలాంటి రోగానికి రోగే మందు వేసుకోవాలంటాడు. ఈ కోటలోంచి బయటపడితే చాలు, ఎంత డబ్బిచ్చినా మళ్లీ రానని తనలో అనుకుంటాడు. కాసేపటికే రాణి చనిపోయిందన్న కబురు వస్తుంది. ఏ దైవసేవకుడూ ఆమె దగ్గరికి రాలేదు, ఎవరూ పిలవనూ లేదు.

దావీదు దగ్గరికి నాతాను వెళ్లాడు. నాబోతు ద్రాక్షతోట కాజేసిన అహాబుకు ఏలీయా ఎదురు నిలిచాడు. అంతటి అహాబు కూడా గోనెపట్ట కట్టుకుని తగ్గించుకుంటే దేవుడు చూశాడు (1 రాజులు 21). మాక్‌బెత్ కోటలో ఆ మాట చెప్పే నోరు ఒక్కటీ లేదు.

ఆ వైద్యుణ్ణి పిరికివాడనడం మాకు తేలిక కాదు. చాలా ఏళ్ల క్రితం మేము కాపరిగా ఉన్న సంఘంలో, కోశాధికారి పదవి కోసం ఒకాయన, ఆ పని నమ్మకంగా చేస్తున్న వృద్ధుడి లెక్కల్లో తేడా ఉందని పుకారు పుట్టించాడు. అది అబద్ధమని మాకు తెలుసు. ఆయనే ఎన్నికయ్యాడు. తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాపితే రొట్టె ఇచ్చాం. సాయంత్రం పిలిస్తే వాళ్లింటికి వెళ్లి టీ తాగాం, ప్రార్థన చేశాం. అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. ఆ వృద్ధుడు మళ్లీ మందిరానికి రాలేదు.